కంచె దాటి పెరట్లోకి

కడియం నర్సరీల నుంచి విశాఖ వైపు వెళ్లే మొక్కల లారీలు నక్కపల్లి మీదుగానే పోతాయి. వాటిలో ఊగుతూ కనిపించే వాటిని ఒకసారి లెక్కేసి చూస్తే, కాగితంపూల తీగ దక్షిణ అమెరికాది, దేవగన్నేరు మెక్సికో వైపుది, ఈమధ్య ప్రతి మేడ మీదా కుండీల్లో కూర్చుంటున్న అడీనియం ఆఫ్రికా, అరేబియా ఎడారులది. పరాయి మొక్కల మీద కోపమేమీ అక్కర్లేదు. మిరపకాయా జీడిమామిడీ కూడా అలా వచ్చినవే. కానీ ఆ లారీ పోయే హైవే దిగి రాజయ్యపేట రోడ్డు పడితే, శ్రావణమాసంలో జీడితోటల కంచెల మీద ఎర్రగా, పసుపుగా ఒక పువ్వు కనిపిస్తుంది. అది ఇక్కడిదే. దాన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. దేవుడి పటానికి పెట్టరు, జడలో తురుమరు. పశువులు తోలుకెళ్లేవాళ్లు మాత్రం దూరం నుంచే గుర్తుపట్టి పక్కకు అదిలిస్తారు.

అడవినాభి అంటారు దాన్ని. పొత్తిదుంప అనేవాళ్లూ ఉన్నారు. వైద్య గ్రంథాలు చదివినవాళ్లు అగ్నిశిఖ అంటారు. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు గ్లోరియోసా సుపర్బా. మొక్కలకు పొడి పొడి పేర్లు పెట్టడం అలవాటైన ఆ పెద్దమనిషి, ఈ ఒక్కదాని దగ్గర మాత్రం విశేషణాలు ఆపుకోలేకపోయినట్టున్నాడు.

పువ్వును దగ్గరగా చూస్తే ఆయన్ని తప్పుపట్టలేం. మొగ్గ పచ్చగా, తల కిందికి వేసి వేలాడుతుంది. విచ్చుకునేటప్పుడు ఆరు రేకులూ వెనక్కి మడుచుకుని పైకి లేస్తాయి. అంచులన్నీ అలలలా ముడతలు పడి ఉంటాయి. మొదటి రోజు లేత పసుపు, అందులో కాస్త ఆకుపచ్చ. తర్వాత రేకు మొదలు దగ్గర పసుపు నిలిచి, కొసల నుంచి ఎరుపు దిగుతుంది. మరో రెండు మూడు రోజులకు రేకంతా కుంకుమ రంగు. ఒకే తీగ మీద నాలుగు వయసుల పూలు నాలుగు రంగుల్లో ఉంటాయి కాబట్టి, కొత్తవాళ్లు అవి వేరువేరు మొక్కల పూలు అనుకుంటారు. ఆరు కేసరాలు చక్రం ఆకుల్లా చుట్టూ పరుచుకుంటాయి. కీలం మాత్రం వాటి మధ్యలో నిలబడదు. మొదట్లోనే లంబకోణంలో వంగి, పక్కకు పారిపోయినట్టు బయటికి చాచుకుంటుంది. తన పుప్పొడి తన మీదే పడకుండా పువ్వు చేసుకున్న ఏర్పాటు అది. పెద్ద సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు పువ్వు చుట్టూ తిరుగుతూ రెక్కలతో ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేరవేయాలి.

ఇలాంటి మొక్కను పెరట్లోకి తెస్తానంటే ఇంట్లో వెంటనే ఒప్పుకోరు. ఈ కాలమ్ రాసే మనిషి తన ఇంటి వెనక సరుగుడు కర్రలతో చిన్న పందిరి వేసి, దాని కింద ఈ దుంప పెడుతుంటే, పక్కింటి పెద్దావిడ గోడ మీంచి చూసి, "ఏటి బాబూ, కంచెలో ఉండాల్సిందాన్ని ఇంట్లోకి తెచ్చీసినావా? పిల్లలు తిరిగే చోటు కాదా?" అని నిలదీసింది. ఆవిడ అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయం. అందుకే పెంపకం సంగతికి ముందు విషం సంగతి చెప్పుకోవాలి.

అడవినాభిలో వేరు నుంచి గింజ దాకా అన్నీ విషమే. దుంపలోనూ గింజలోనూ మరీ ఎక్కువ. ఆయుర్వేదం దీన్ని ఉపవిషాల్లో చేర్చింది. శుద్ధి చేయకుండా వాడకూడదన్నది అక్కడ మొదటి నియమం. ఇందులోని విష పదార్థం పేరు కాల్చిసిన్. దుంపను పెండలమో చిలగడదుంపో అనుకుని వండుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్న సంఘటనలు మన దేశంలోనూ శ్రీలంకలోనూ వైద్య పత్రికల్లోకి ఎక్కాయి. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కాస్త తెరిపినిచ్చినట్టు అనిపించినా రెండు మూడు రోజుల్లో గుండె, మూత్రపిండాలు, ఎముక మజ్జ దెబ్బతింటాయి. బతికి బయటపడ్డవాళ్లకు వారం పది రోజుల తర్వాత జుట్టు రాలిపోవడం కూడా ఉంది. దీనికంటూ ఆసుపత్రుల్లో దొరికే ప్రత్యేకమైన విరుగుడు లేదు. అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి పరుగెత్తడమే.

కాబట్టి నోట్లో ఏది పడితే అది పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో, పెరట్లో మేకలు, దూడలు తిరిగే ఇంట్లో ఈ మొక్క పెట్టకూడదు. కాదు, పెడతాం అంటే పందిరి చుట్టూ దడి కట్టి, దుంప ముట్టుకున్నప్పుడల్లా గ్లౌజులు వేసుకుని, కాయలు ముదిరి పగలకముందే కోసి భద్రం చేయాలి. వంటింటి దుంపలు పెట్టే బుట్టలో దీన్ని ఒక్క పూట కూడా ఉంచకూడదు. గన్నేరు, ఉమ్మెత్త ఇళ్ల ముందు పెంచుకుంటున్న ఊళ్లలో ఈ జాగ్రత్త మరీ కొత్తదేమీ కాదు. కాకపోతే గన్నేరుకు పెద్దల హెచ్చరికలు వంశపారంపర్యంగా అందాయి, దీనికి అందలేదు.

ఇక దుంప. గ్లౌజు వేసుకున్న అరచేతిలో పెట్టుకుని చూస్తే నాగలిలా రెండు కొమ్ములుగా వంగి ఉంటుంది. గోధుమరంగు తొక్క, వేలెడంత లావు. మొలక వచ్చేది ఒక్క చోటు నుంచే, కొమ్ము చివర. బంగాళాదుంపకు ఒళ్లంతా కళ్లుంటాయి కాబట్టి ముక్కలు కోసి నాటుకోవచ్చు. దీనికి ఆ వెసులుబాటు లేదు. చివరి మొన విరిగిందా, ఆ కొమ్ము ఇక మొలకెత్తదు. రెండు కొమ్ముల మధ్య వంపు దగ్గర జాగ్రత్తగా విడదీస్తే మాత్రం రెండు మొక్కలవుతాయి. ప్రతి వానాకాలంలోనూ పాత దుంప తనలో ఉన్నదంతా తీగకు పెట్టి, ముడుచుకుని పోతుంది. దాని చోట కొత్త దుంప తయారవుతుంది. తీగ కింద ఈ ఏడాది ఉన్న దుంప నిరుటిది కాదు.

నాటడానికి తొలకరి సరైన కాలం. మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడి నేల చల్లబడ్డాక, దుంపను నిలువుగా కాకుండా అడ్డంగా పడుకోబెట్టి, పైన రెండు మూడు అంగుళాల మట్టి కప్పితే చాలు. నక్కపల్లి చుట్టుపక్కల ఎర్ర గరప నేల దీనికి పుట్టిల్లు. నీరు నిలవదు, వేరుకు గాలి ఆడుతుంది. నల్లరేగడి పెరడైతే ఇసుక కలిపి, మట్టి ఎత్తు చేసి నాటాలి. బాగా మాగిన గెత్తం రెండు దోసిళ్లు చాలు. పచ్చి పేడ, యూరియా వద్దు. తెగ బలిసిన తీగ ఆకు వేసి పువ్వు మరిచిపోతుంది. కుండీలో పెట్టాలంటే అడుగున్నర వెడల్పు, అడుగున కన్నాలు ఉండాలి.

మొలక పైకొచ్చాక మొదటి పదిహేను రోజులు తీగ అనిపించదు. మొక్కజొన్న మొలకలా నిటారుగా ఉంటుంది. తర్వాత ఆకు చూసినవాళ్లకు అసలు సంగతి తెలుస్తుంది. బీరకూ కాకరకూ కాండం నుంచి వేరేగా నులితీగలు వస్తాయి కదా, అడవినాభికి అవి లేవు. ఆకు చివరే సన్నగా సాగి నులితీగ అయిపోతుంది. గాలికి ఊగుతూ దేన్నైనా తాకిందంటే ఒక్క రోజులో దాని చుట్టూ రెండు చుట్లు తిరుగుతుంది. అందుకే లావుపాటి స్తంభాలు, సిమెంటు గోడలు దీనికి పనికిరావు. ఆకు కొస పట్టుకోగలిగినంత సన్నటి పుల్లలు కావాలి. సరుగుడు కొమ్మలు ఎండినవి, చిల్లకంప, చీపురుపుల్లంత వెదురు బద్దలు అయితే నప్పుతాయి. కంచెలో ఇది అంత బాగా పెరగడానికి కారణం అదే. కంచె అంటేనే సన్న పుల్లల గజిబిజి. పెరట్లో పందిరి వేసేవాళ్లు దాన్ని కొంచెం అడ్డదిడ్డంగానే వేయాలి. తీర్చిదిద్దిన ఇనుప కమానుల మీద ఈ తీగ జారిపోతుంది. తీగ పది పన్నెండు అడుగుల వరకు పోతుంది. కాండం పెళుసు. దారి మళ్లించాలని చేత్తో వంచితే పటుక్కున విరుగుతుంది, విరిగిన చోట నుంచి ఆ ఏటికి ఇంక పువ్వు రాదు.

వానలు సరిగా పడితే నీళ్లు పోసే పని లేదు. పది రోజులు ఎండ కాస్తే ఒకసారి తడపాలి. వినాయక చవితి వచ్చేసరికి చాలా తీగలు పూత మీద ఉంటాయి. పత్రి కోసం కంచెలు గాలించే పిల్లలకు ఇది ఎదురుపడేదీ అప్పుడే. ఇరవయ్యొక్క పత్రిలో దీనికి చోటు లేకపోవడం ఒకరకంగా మంచిదైంది.

పూతకు ముందే ఒక చుట్టం వస్తుంది. నల్లటి ఒంటి మీద తెల్ల మచ్చలు, నారింజ ఎరుపు చుక్కలు పెట్టుకున్న గొంగళిపురుగు. లిల్లీ జాతి మొక్కలంటే దీనికి ప్రాణం. మనిషిని చంపగల ఆకును ఇది హాయిగా నమిలి పారేస్తుంది. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరులోనే అడవినాభి ఉంది, పాలిటెలా గ్లోరియోసే అని. గుంపుగా పడితే రెండు మూడు రోజుల్లో తీగకు ఈనెలు కూడా మిగలవు. పొద్దున్నే ఆకు అడుగున చూసి, చేత్తో ఏరి తీసేయడం అన్నిటికన్నా సులువైన మార్గం. వేపనూనె కలిపిన నీళ్లు చల్లితే చిన్న పురుగుల మీద పనిచేస్తుంది. ఒకటి రెంటిని వదిలేయాలన్నది ఈ కాలమ్ రాసేవాడి పక్షపాతం. ఆ పురుగు మట్టిలో గూడు కట్టి, ఎరుపు, నలుపు, పసుపు చుక్కలు కలగలిపిన రెక్కలతో చిన్న చిమ్మెటై బయటికొస్తుంది. అదీ ఈ నేల ప్రాణే.

గింజ కావాలనుకున్నవాళ్లు మాత్రం పూల దగ్గర కాస్త పొద్దు గడపాలి. పెరట్లో ఒకటి రెండు తీగలే ఉంటే, సీతాకోకచిలుకలు దారి తప్పితే, కాయ నిలవదు. ఈ పనిని వృత్తిగా చేసేవాళ్లు తమిళనాట ఉన్నారు. దిండుగల్, కరూర్, తిరుప్పూర్ జిల్లాల్లో, ముఖ్యంగా మూలనూర్ ప్రాంతంలో రైతులు అడవినాభిని పొలాల్లో పందిళ్ల మీద సాగు చేస్తారు. అక్కడ పూత కాలంలో పొద్దున్నే కూలీలు వరసల్లోకి దిగి, ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వు కీలం కొసకు చేత్తో అద్దుతూ పోతారు. ఎండ ముదిరేలోపు ముగించాలి. అద్దిన పువ్వుకే కాయ. ఆ కాయలోని గింజ కిలో వేల రూపాయల్లో పలుకుతుంది. ఒక్కో ఏడు ధర అమాంతం పడిపోయి రైతును ముంచుతుంది కూడా. కొనేది మందుల కంపెనీలు, ఎగుమతిదారులు. వాళ్లు చెప్పిందే ధర.

తమిళులకు ఈ పువ్వు రాష్ట్ర పుష్పం. కాందళ్ అని సంగం కవులు దీన్ని మళ్లీ మళ్లీ తలుచుకున్నారు. కపిలర్ రాసిన కురింజిప్పాట్టులో తొంభై తొమ్మిది పూల పేర్ల జాబితా ఒకటుంది, అందులో మొదటి పేరు దీనిదే. జింబాబ్వేకు ఇది జాతీయ పుష్పం. 1947లో ఆ దేశం ఇంకా దక్షిణ రొడీషియాగా ఉన్నప్పుడు, ఇరవయ్యొకటో పుట్టినరోజు చేసుకుంటున్న యువరాణి ఎలిజబెత్‌కు అక్కడి బడిపిల్లలు ఈ పువ్వు ఆకారంలో వజ్రాల పిన్ను బహుమతిగా పంపారు. 1952లో తండ్రి చనిపోయిన కబురు విని కెన్యా నుంచి రాణిగా లండన్‌లో దిగినప్పుడు ఆమె కోటు మీద ఉన్నది ఆ పిన్నే. ఆస్ట్రేలియాలో కథ తిరగబడింది. తోటల కోసం తెచ్చిన మొక్క క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ తీరాల్లో ఇసుకదిబ్బలను ఆక్రమించి, స్థానిక మొక్కలను నొక్కేస్తోంది. అక్కడి వాలంటీర్లు దీన్ని పీకడానికే గుంపులుగా వెళ్తారు. పుట్టిన నేల మీద దీనికి గొంగళిపురుగు ఉంది, ఎండాకాలం ఉంది, లెక్క సరిపోతుంది. అక్కడ ఆ లెక్క లేదు. అందుకే విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఊరి మీద బెంగతో గింజలు సూట్‌కేసులో వేసుకుపోవద్దు. నక్కపల్లిలో పెంచడం వేరు, బ్రిస్బేన్‌లో పెంచడం వేరు.

ఆ గింజ మీద మందుల కంపెనీలకు అంత ఆసక్తి ఎందుకో చెప్పాలంటే విషం దగ్గరికే మళ్లీ రావాలి. 1820లో ఫ్రాన్స్‌లో పెల్టియే, కవంటూ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కాల్చికం అనే యూరప్ మొక్క నుంచి కాల్చిసిన్‌ను వేరు చేశారు. మన కంచెలోని అడవినాభిలోనూ అదే ఉందని 1915లో తేలింది. మన ఒంట్లో కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపుకు లాగే సన్నటి పోగులుంటాయి. కాల్చిసిన్ ఆ పోగులను అల్లుకోనివ్వదు. మోతాదు మించితే మనిషిని చంపేదీ ఆ గుణమే, కొలిచి ఇస్తే గౌట్ అనే కీళ్లవాపును తగ్గించేదీ ఆ గుణమే. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అతి తక్కువ మోతాదు కాల్చిసిన్‌ను గుండెజబ్బు ముప్పు తగ్గించడానికి కూడా అనుమతించింది. నడుం పట్టేసిందంటే మన మందుల షాపుల్లో ఇచ్చే థయోకాల్చికోసైడ్ మాత్ర కూడా ఈ కుటుంబంలోదే. మొక్కల పెంపకందార్లకైతే 1937 నుంచి ఇది పెద్ద పనిముట్టు. క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేయడానికి కాల్చిసిన్ పనికొస్తుందని బ్లేక్స్‌లీ, ఆవరీ ఆ ఏడాదే చూపించారు. గింజల్లేని పుచ్చకాయ ఆ దారిలో పుట్టిందే.

నక్కపల్లిలో కూర్చుని ఈ మాటలు రాస్తుంటే నవ్వొచ్చే సంగతి ఒకటుంది. 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖ వచ్చినప్పుడు శంకుస్థాపన చేసిన వాటిలో నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కు ఒకటి. దేశంలో కేంద్రం మంజూరు చేసిన ఇలాంటి మూడు పార్కుల్లో మిగతా రెండూ గుజరాత్, హిమాచల్ ప్రదేశ్‌లలో ఉన్నాయి. మందులకు కావలసిన ముడి పదార్థాలు చైనా నుంచి తెచ్చుకునే అవసరం తగ్గించాలన్నది ఉద్దేశం. దాని కోసం సుమారు 2,000 ఎకరాలు. రాజయ్యపేట మత్స్యకారులు సముద్రం ఏమైపోతుందోనని రోడ్డెక్కారు, ఆ వివాదం ఈ కాలమ్‌లో తేలేది కాదు. మందు ముడి పదార్థాన్ని తన దుంపలో వేల ఏళ్లుగా తయారు చేస్తున్న మొక్క మాత్రం ఆ భూముల కంచెల్లోనే ఉంది. సర్వే రాళ్లు పాతేటప్పుడు దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఏ చెట్టుకు ఎంత పరిహారమో పట్టికలుంటాయి. జీడికి ఉంది, కొబ్బరికి ఉంది, మామిడికి ఉంది. కంచెకు పట్టిక లేదు.

కంచెలు పోతే ఈ మొక్కకు మిగిలే చోటు పెరడే కాబట్టి, ఇక్కడే పెరటి పెంపకానికి అర్థం వస్తుందని ఈ కాలమ్ రాసేవాడి నమ్మకం. అయితే ఈ మొక్కను సాకడంలో సగం కష్టం మరో రకం. కార్తీకం దాటాక ఆకులు పసుపు పచ్చబడతాయి, తీగ ఎండుతుంది, పుష్యానికి నేల మీద దాని జాడే ఉండదు. ఇక జూన్ దాకా అక్కడ ఏమీ చేయకూడదు. నీళ్లు పోస్తే దుంప కుళ్లుతుంది. ఖాళీగా ఉందని టమాటా వేయబోతే పలుగు దెబ్బకు మొన విరుగుతుంది. మంచి పెరటి రైతుకు ఖాళీ నేల కనిపిస్తే చేయి ఊరుకోదు. ఆరు నెలలు ఆ చేతిని ఆపుకోవాలి. కుండీలో ఉంటే వాన తగలని వరండా మూలకు జరిపి, మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి పెట్టడం మేలు. ఇంట్లో మిగతావాళ్లు ఖాళీ కుండీ అనుకుని మట్టి పారబోసే ప్రమాదం వేసవిలో ఎప్పుడూ ఉంటుంది.

గింజ దారి ఇంకా నెమ్మది. ఆశ్వయుజం, కార్తీకం నాటికి కాయ ఎండి మూడు పాయలుగా విచ్చుకుని నారింజ ఎరుపు గింజలు చూపిస్తుంది. వాటిని అప్పుడే నాటినా మొలవవు, కొన్ని నెలలు నిద్రపోవాలి. పొడి కాగితంలో చుట్టి, పిల్లలకు అందకుండా, విషమని రాసి దాచి, వచ్చే తొలకరికి ఇసుక మట్టిలో వేయాలి. కొన్ని మూడు వారాల్లో మొలుస్తాయి, కొన్ని మూడు నెలలకు. మొదటి ఏడు వచ్చేది గడ్డిపోచ లాంటి ఒక ఆకు, కింద శనగగింజంత దుంప. కలుపు తీసేవాళ్ల చేతికి ఇదే ముందు బలవుతుంది. పువ్వు మూడో వానాకాలానికో నాలుగో వానాకాలానికో.

కంచెల్లో బతుకుతున్న దుంపలను తవ్వి తెచ్చుకోవద్దు, గింజ తెచ్చుకుంటే చాలు. చదును కాబోయే భూములైతే మాత్రం తమ పొలం గట్టు మీద ఉన్నవాటిని రైతు ముందే తీసుకోవడం మంచిది. తీగ ఎండాక చోటు దొరకదు కాబట్టి, పువ్వు ఉండగానే మొదలు పక్కన ఒక సరుగుడు పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోవాలి. మాఘంలో వెళ్లి, పుల్లకు జానెడు దూరం నుంచి మట్టిని గునపంతో కాకుండా చిన్న తాపీతో కొంచెం కొంచెంగా గీకుతూ రావాలి. దుంప అరడుగు లోతున అడ్డంగా ఉంటుంది, మొన ఎటువైపు ఉందో తెలిసేదాకా లాగకూడదు. గ్లౌజులు తీయకుండానే దుంపను పొడి ఇసుక నింపిన డబ్బాలో పెట్టి, మూత మీద పేరూ తేదీ రాసి, వంటింటికి దూరంగా ఉంచాలి.